గోడకేసి తిప్పిన కుర్చీ

నాకు ఆడంబరం గిట్టదు. అందుకే ఎవరింట్లో స్పీకర్లు బిగించినా చప్పుడు కొలిచే మైకు బయటికి తియ్యను. మిగతావాళ్ళు దాన్ని స్టాండు మీద నిలబెట్టి, ల్యాప్‌టాప్ తెరిచి, ఏవో గీతలు చూపించి ఇంటివాళ్ళని బెదరగొడతారు. నేను అలా కాదు. గది మధ్యలో కుర్చీ వేసుకుని, కళ్ళు మూసుకుని, గడ్డం కొంచెం పైకెత్తి వింటాను. ఒక వేలు గాల్లో ఉంటుంది. ఆ వేలు ఎందుకో నాకే తెలీదు గానీ, అది లేచిందంటే ఇంట్లో ఫ్యాను కూడా ఆపేస్తారు. రెండో కాఫీ అడక్కుండానే వస్తుంది. ఇంత నిరాడంబరంగా పనిచేసేవాడు గుంటూరు మొత్తం మీద ఇంకొకడు లేడని నేనే నలుగురికీ చెబుతుంటాను. వేరేవాళ్ళు చెబితే గొప్పలు అనుకుంటారని.

ఇలాంటివాడికి ఒక చెవి పోయింది.

దాదాపు పది నెలల కిందట తెలిసింది. పొద్దున అయిదున్నరకి అలారం మోగలేదని ఫోను పట్టుకుని, కొన్న చోటికి వెళ్ళి గొడవ పెట్టుకున్నాను. కొట్టువాడు నా ముందే మోగించాడు. శుభ్రంగా మోగింది. ఇంటికొచ్చాక ఆలోచించాను. నేను కుడివైపు ఒత్తిగిల్లి పడుకుంటాను. కుడి చెవి దిండులో ఉంటుంది. పైకి ఉండేది ఎడమ చెవి.

బొటనవేలూ చూపుడువేలూ చెవి పక్కన పెట్టి రుద్దుకున్నాను. కుడి పక్క ఎండుటాకు నలిగినట్టు వినపడింది. ఎడమ పక్క ఏమీ లేదు. వేళ్ళు కదులుతున్నట్టు చర్మానికి తెలుస్తోంది, అంతే.

ఆ రోజు నుంచి రోజుకి ఇరవైసార్లు అదే పని. "ఏంటండీ ఆ వేళ్ళు, ఎవరికన్నా సైగలా?" అని మా ఆవిడ రత్నకుమారి ఒకసారి నిలదీసింది కూడా. పొద్దున మెలకువ రాగానే కళ్ళు తెరవను. ముందు కుడి చెవి దగ్గర వేళ్ళు రుద్దుకుంటాను. చప్పుడు వినపడేదాకా ఊపిరి తీసుకోను. అది కూడా పోతే?

డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. వెళితే కాగితం ఇస్తాడు. కాగితమంటూ ఉంటే ఎవరో ఒకరు చదువుతారు. ఒంటిచెవి మెకానిక్కుని ఇంటికి పిలిచి స్పీకర్లు సరిచెయ్యమనేదెవరు? నాకు ఇంకో పని రాదు. ఈ పనైనా నాకెవరూ నేర్పలేదు. ఊళ్ళోవాళ్ళ రేడియోలు విప్పి, సగం బాగుచేసి, సగం పాడుచేసి నేర్చుకున్నాను. నలభై ఒకటో ఏట మళ్ళీ ఎవరి రేడియోలు పాడుచెయ్యను?

అందరికన్నా ముందు దాచాల్సింది మా మాస్టారి దగ్గర. షేక్ నాగూర్ మీరా గారు. ముప్పై ఏళ్ళు సినిమా హాళ్ళలో సౌండు చూసిన మనిషి. ఇప్పుడు డెబ్భై రెండేళ్ళు. కొత్తపేటలో ఒక సందులో ఆయన కొట్టు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడితే మూడోవాడు రోడ్డు మీద ఉండాలి. నేర్చుకోవడానికి ఇంకేమీ మిగల్లేదనే నమ్మకంతో పదకొండేళ్ళ కిందట అక్కడ చేరాను. ఈ పదకొండేళ్ళలో ఆయన నాతో అన్న మాటలన్నీ కలిపి రాస్తే ఒక పోస్టుకార్డు కూడా నిండదు. నేను ఆయనతో అన్న మాటలకి పోస్టాఫీసు చాలదు.

కొట్లో ఆయనకి కుడి పక్క, బల్ల దగ్గర నా స్టూలు ఉండేది. చెవి పోయాక ఎనిమిది నెలల్లో అది కొంచెం కొంచెంగా జరిగి, బల్ల చుట్టూ తిరిగి, రెండో పక్కకి వచ్చింది. ఎవరూ గమనించలేదనుకున్నాను.

ఇక భుజంగరావు గారి సంగతి. ఆయన రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేస్తారు. అపార్టుమెంటులో మూడో అంతస్తు. హాలు పదడుగులకి పన్నెండు. అందులో సోఫా, టీవీ, ఇనప బీరువా, నాలుగు కుర్చీల భోజనాల బల్ల. ఇవన్నీ ఉండగా అయిదు స్పీకర్లూ ఒక బాస్ డబ్బా పెట్టించుకోవాలని ఆయన కోరిక. ముందు మూడు, వెనక రెండు.

"మనం థియేటరుకి వెళ్ళకూడదు శేషగిరీ. థియేటరే మనింటికి రావాలి," అన్నారు.

వస్తే మనం ఎక్కడుంటాం అని నేను అడగలేదు.

టీవీకి ఎదురుగోడన సోఫా. సోఫా ఎడమ చివర కిటికీ. ఆ చివరన ఆయన భార్య ఇందుమతి గారు కూర్చుని చీరలకి ఫాల్స్ కుడతారు. ఆ అపార్టుమెంటులో చీర కట్టేవాళ్ళందరి ఫాల్సూ ఆ కిటికీ వెలుతురులో కుట్టినవే. వెనక ఎడమ స్పీకరు సరిగ్గా ఆమె తలకి మూరెడు ఎత్తులో వచ్చింది. అంతకన్నా జరగడానికి గోడ లేదు.

స్పీకర్లు సరిచూడటానికి ఒక చప్పుడు ఉంటుంది. కుళాయిలో నీళ్ళకి ముందు గాలి వచ్చినట్టు హుస్సుమంటుంది. ఒక స్పీకరులో కాసేపు ఉండి పక్కదానికి వెళుతుంది. అన్నిట్లోనూ ఒకేలా వినపడేదాకా సున్నా నుంచి ఒక్కోదానికి నంబరు పెంచుకుంటూనో తగ్గించుకుంటూనో పోవాలి. అంతే పని. రెండు చెవులున్నవాడికి.

నాకు ఎడమ పక్క చప్పుడు పక్కింట్లోంచి వచ్చినట్టుంది. పెంచాను. తెలియక కాదు. చెవి తగ్గింది కాబట్టి కాస్త చూసి పెంచాలి అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఎంత చూసి? అది తెలియాలంటే చెవి ఎంత పోయిందో తెలియాలి. అది తెలియడమే నాకు ఇష్టం లేదు. మైకు తీస్తే అదే బయటపడుతుంది. కాబట్టి ధైర్యం ఎంత చెబితే అంత పెట్టాను. ధైర్యం ఏడు అని చెప్పింది.

"తమ్ముడూ, ఈ పక్కది అరుస్తోందయ్యా," అన్నారు ఇందుమతి గారు కుట్టు ఆపి.

"కొత్తది కదక్కయ్యా. నాలుగు రోజులు వాడితే మెత్తబడుద్ది," అన్నాను, అదేదో కొత్త చెప్పులయినట్టు.

నాలుగో రోజున ఫోను వచ్చింది. వెళ్ళేసరికి ఇందుమతి గారు సోఫాలో లేరు. బీరువా పక్కన భోజనాల బల్ల దగ్గరికి మారారు. నేను గది నాలుగు మూలలూ చూసి, ఇదంతా కిటికీ అద్దానికి తగిలి తిరిగొస్తున్న చప్పుడని తేల్చాను. మందపాటి పరదా వేయించాను. పట్టపగలు లైటు వేసుకోవాల్సి వచ్చింది. స్పీకరు మాత్రం అలాగే అరిచింది.

మూడోసారి తివాచీ పరిపించాను. సోఫాని అడుగు ముందుకు లాగించాను. ఇప్పుడు భుజంగరావు గారు బాత్రూముకి వెళ్ళాలంటే పక్కకి తిరిగి నడవాలి.

"ఇందుమతక్కయ్య ఏరండీ?" అన్నాను.

"ఉంది లోపల. ఆవిడకి అన్నీ తలనొప్పే. సినిమా తలనొప్పి, నేను తలనొప్పి," అన్నారాయన.

ఆమె వంటింట్లో గ్యాసు బండ పక్కన పీట మీద ఉన్నారు. రెండు చెవుల్లోనూ దూది. ఒళ్ళో చీర. కుట్టిన ఫాల్ విప్పుతున్నారు.

"వంకర పోయింది తమ్ముడూ. ఈ ట్యూబులైటు కింద సూది ఎటు పోతోందో తెలీట్లేదు. కాఫీ తాగుతావా?"

వద్దన్నాను. జన్మలో మొదటిసారి.

ఆ దూది చూశాక లెక్కపెట్టుకున్నాను. ఈ ఎనిమిది నెలల్లో పదహారు ఇళ్ళు చేశాను. అన్నీ దీనికన్నా పెద్ద హాళ్ళు కాబట్టి ఎవరూ ఫోను చెయ్యలేదు. కానీ ఆ పదహారు ఇళ్ళలోనూ ఎడమ పక్క కూర్చునేది ఎవరు? వాళ్ళు ఇప్పుడు ఎక్కడ కూర్చుంటున్నారు?

సాయంత్రం భుజంగరావు గారు నాకు కాదు, నేరుగా మాస్టారికే ఫోను చేశారు. రోడ్డు మీద ఉన్న నాక్కూడా వినపడింది. కుడి చెవి అటే ఉంది.

"మీ శిష్యుడు మా ఇంటిని గోడౌను చేసిపెట్టాడండీ!"

మాస్టారు ఫోను పెట్టేసి, "రేపు పదింటికి నేనూ వస్తా," అన్నారు.

"మీరెందుకు మాస్టారూ? మూడో అంతస్తు. ఎక్కలేరు."

"లిఫ్టు లేదా?"

"ఉంది."

"మరి?"

మరి ఏముంది. మర్నాడు ఆయన్ని స్కూటరు వెనక ఎక్కించుకుని బయల్దేరాను. దారిలో ఒక్క మాట మాట్లాడలేదాయన. ఆయన మాట్లాడకపోవడం కొత్త కాదు. నేను మాట్లాడకపోవడం కొత్త.

హాల్లోకి రాగానే మాస్టారు స్పీకర్ల వంక చూడనేలేదు. తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్ళి పరదా పక్కకి లాగేశారు. సోఫా మీద ఎండ పడింది.

"అమ్మా, ఈ ఇంట్లో నువ్వు కూర్చునే చోటేది?"

"వంటింట్లో, బాబాయిగారూ," అన్నారు ఇందుమతి గారు.

"ఇవి రాకముందు?"

ఆమె భర్త వంక ఒకసారి చూసి, సోఫా చివర చూపించారు.

"వెళ్ళి కూర్చో. నీ కుట్టుపని తెచ్చుకో. ఆ దూది తీసెయ్."

"టీవీ చూసేది నేను కదండీ మాస్టారూ. ఆవిడెందుకు?" అన్నారు భుజంగరావు గారు.

మాస్టారు గది మధ్యకి ఒక ప్లాస్టిక్ కుర్చీ లాగి, టీవీకేసి పెట్టి, నన్ను చూశారు. కూర్చున్నాను. హుస్సు మొదలైంది. అలవాటు కొద్దీ కళ్ళు మూసుకున్నాను. అలవాటు కొద్దీ వేలు లేచింది. చప్పుడు అయిదు స్పీకర్లూ తిరిగొచ్చింది. నా లెక్కకి అన్నీ సమానం.

"సరిపోయిందా?"

"సరిపోయింది మాస్టారూ."

"లే."

లేచాను.

"కుర్చీ తిప్పు. గోడకేసి కూర్చో."

కుర్చీ వీపు మీద చెయ్యి వేశాను గానీ తిప్పలేకపోయాను. కూర్చోకముందే నాకు తెలిసిపోయింది. ఎడమ స్పీకర్లు కుడి చెవికి వస్తాయి. ఏడు అని నేను పెట్టిన నంబరు, పనిచేసే చెవిలో మోగుతుంది. ఇరవై ఏళ్ళు ఈ పనిలో ఉండి ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదంటే నమ్మకండి. తట్టింది. ఎవరూ లేని గదిలో కూడా నేను ఆ కుర్చీ తిప్పలేదు.

"వెనక్కి తిరిగి టీవీ ఎవరు చూస్తారండీ?" భుజంగరావు గారు నవ్వారు.

"చూడక్కర్లేదు," అన్నారు మాస్టారు.

తిప్పాను. కూర్చున్నాను. కళ్ళు మూసుకోవడానికి కూడా భయం వేసింది. ఎదురుగా సోఫా, కుడి పక్కకి ఇందుమతి గారు, ఆమె చేతిలో సూది.

హుస్సు ఒక్కో స్పీకరే దాటుకుంటూ వచ్చింది. నా ఎడమ పక్క ఎక్కడో సన్నగా వినపడి ఆగింది. ఆ తర్వాత ఆమె తల మీది స్పీకరు అందుకుంది. కుడి చెవిలో గుప్పెడు ఇసక విసిరికొట్టినట్టయింది. ఆమె భుజం ఉలిక్కిపడింది. నా భుజమూ ఉలిక్కిపడింది. ఇద్దరం ఒకేసారి.

మూడు వారాలుగా ఈ మనిషి తల మీద నేను పెట్టింది ఇది.

"సరిపోయిందా?" అన్నారు మాస్టారు మళ్ళీ. అదే గొంతు.

సరిపోయిందండీ అనడానికి నోరు సిద్ధంగానే ఉంది. ఆ మాట అనేస్తే గండం గడుస్తుంది. ఇంకో పరదా వెయ్యొచ్చు. స్పీకర్ల కంపెనీని తిట్టొచ్చు. భుజంగరావు గారు నన్ను చూస్తున్నారు. కాదు అన్నానంటే రేపటికి ఆయన ఆఫీసంతా తెలుస్తుంది, ఎల్లుండికి ఊరంతా తెలుస్తుంది. గోడ మీద ఒక మేకు ఉంది. దాన్నే చూస్తూ ఉన్నాను.

"లేదు మాస్టారూ," అన్నాను. "ఈ పక్కది చంపేస్తోంది."

"గది తప్పా?"

"కాదండి."

"స్పీకరుదా?"

"కాదు."

మూడో ప్రశ్న కోసం మెడ వంచుకుని కూర్చున్నాను. ఆయన అడగలేదు. రిమోటు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"అమ్మా, నువ్వు మమ్మల్ని పట్టించుకోకు. కుట్టుకో," అన్నారు ఇందుమతి గారితో. తర్వాత నాతో, "కళ్ళు తెరిచి చెయ్యి. ఆ సూది ఆగితే తగ్గించు."

అలా మొదలైంది. నేను వినడం మానేసి సూదిని చూశాను. హుస్సు ఆమె తల మీదికి వచ్చేసరికి సూది గుడ్డలో సగం దాకా దిగి నిలబడిపోయేది. ఒక నంబరు తగ్గించేవాణ్ణి. మళ్ళీ చుట్టు. మళ్ళీ ఆగేది, కానీ ఈసారి కొంచెం ఆలస్యంగా. ఆరు. నాలుగు. రెండు. సున్నా దగ్గర కూడా ఆమె కనుబొమ ఒకటి కదిలింది. సున్నా కిందకి దిగాను. ముందున్న ఎడమదాన్ని కూడా దించాను. ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టలేదు. చివరికి ఒక చుట్టులో హుస్సు అయిదు స్పీకర్లూ దాటి వెళ్ళింది. సూది ఆగలేదు. పైకి, కిందకి, పైకి, కిందకి. ఆమె దారం కొరికి, కొత్త దారం ఎక్కించుకుని, ఇంకా చప్పుడు ఉందన్న సంగతే మర్చిపోయినట్టు, "బాబాయిగారికి మంచినీళ్ళన్నా ఇచ్చారా?" అని భర్తని అడిగారు.

భుజంగరావు గారు సోఫాలో కూర్చుని ఒక ఫైటు సీను పెట్టుకుని చూశారు. మొహం చిన్నబోయింది.

"ఇందాకటిదే బాగుందండీ. థియేటరులా ఉంది."

"థియేటరులో నేనెప్పుడన్నా ఫాల్ కుట్టానా?" అన్నారు ఇందుమతి గారు తలెత్తకుండా.

మాస్టారు మంచినీళ్ళు తాగి లేచారు. ఆయన నా సంగతి ఎవరికీ చెప్పలేదు. గది సంగతీ చెప్పలేదు. భుజంగరావు గారు "అసలు లోపం ఎక్కడుందండీ?" అని అడిగితే, "సరిచేశాడుగా," అన్నారు.

లిఫ్టులో ఇద్దరమే. ఆయన నా కుడి పక్కన నిలబడ్డారు.

"ఎన్నాళ్ళయింది?"

"ఎనిమిది నెలలు, మాస్టారూ."

రెండో అంతస్తు పోయింది. మొదటి అంతస్తు పోయింది. ఏదో ఒకటి అంటారని చూశాను. రేపట్నుంచి రావద్దు అంటారని. ఆయన బయటికి నడిచారు.

స్కూటరు మీద శంకర్‌విలాస్ సెంటరు దాకా కూడా ఏమీ అనలేదు. అక్కడ సిగ్నల్ పడింది. పక్కన ఆటోలు, వెనక బస్సు హారను. పచ్చ దీపం వచ్చి బండి కదులుతుండగా మాస్టారు నా భుజం మీద చెయ్యి వేసి, ముందుకు వంగి, ఏదో అన్నారు. ఆయన పద్ధతికి అది చాలా పెద్ద మాట. ఊపిరి మెడకి తగులుతూనే ఉంది, ఒక పదీ పదిహేను పదాలైనా ఉంటాయి. చివర ఒక చిన్న నవ్వు కూడా ఉందేమో.

ఎడమ పక్క నుంచి అన్నారు.

నేను తల ఊపాను. "అలాగే మాస్టారూ," అన్నాను.

ఆయన నా భుజం తట్టి వెనక్కి సర్దుకుని కూర్చున్నారు.

ఇది జరిగి ఆరు వారాలయింది. మర్నాడు భయంభయంగానే కొట్టుకి వెళ్ళాను. నా స్టూలు ఎక్కడుండాలో అక్కడే ఉంది. ఆయన తల ఎత్తకుండానే ఒక ఆంప్లిఫయరు ఇటు తోశారు. పని చేశాను. డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కాగితం ఇచ్చాడు. ఎడమది తిరిగి రాదన్నాడు, కుడిది ఇప్పటికి బాగుందన్నాడు. ఆ ఇప్పటికి అన్న మాట రోజూ పొద్దున్నే లేచి కూర్చుంటుంది. పదహారు ఇళ్ళకీ మళ్ళీ వెళ్ళాను. పద్నాలుగు ఇళ్ళలో ఎడమ పక్కన కూర్చునే మనిషి చోటు మార్చుకున్నారు. ఎందుకు మారారో వాళ్ళకే తెలీదు. నా చెవి సంగతి చెప్పి, వాళ్ళని పాత చోట కూర్చోబెట్టి, వాళ్ళ మొహం చూస్తూ సరిచేసి వచ్చాను. ఇద్దరు నన్ను తిట్టారు. ఒకావిడ కాఫీ ఇచ్చింది.

ముక్కూ మొహం తెలియనివాళ్ళని కూడా "మీకు ఎలా వినపడుతోందండీ" అని అడగడం నాకిప్పుడు వచ్చింది.

మాస్టారు ఆ రోజు ఏమన్నారో నాకు తెలీదు. కొట్టు మూసేస్తున్నానన్నారో, ఉంచుకోమన్నారో, ఆయనకి నేర్పిన వాళ్ళు చెప్పిన మాటే నాకు అందించారో, లేక కుడిపక్కకి తిప్పు, అక్కడ టీ బాగుంటుందన్నారో. రోజూ ఆయనకి మూడడుగుల దూరంలో, మంచి చెవి అటు పెట్టుకుని కూర్చుంటాను. రోజూ అడగాలనుకుంటాను. "వినపడలేదు మాస్టారూ, మళ్ళీ చెప్పండి." నాలుగే మాటలు.

అది మాత్రం నాకు ఇంకా రాలేదు.